పెద్ద జాతి కుక్కల గుండెకు మేలు: సంచి వెనక ఉండాల్సిన అంకెలు

సంపాదకులకు,

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వీలర్, డోబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతి కుక్కలు ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖ దాటి చిన్న పట్టణాల ఇళ్లకూ చేరాయి. వాటి వెనకే ‘గుండెకు మేలు’, ‘గ్రెయిన్ ఫ్రీ’ (ధాన్యం లేనిది) అని పెద్ద అక్షరాలతో రాసిన ఖరీదైన ఆహార సంచులూ దుకాణాల్లోకి వచ్చాయి. ఆ మాటలు నమ్మి చాలా మంది నెలకు వేల రూపాయలు పెడుతున్నారు. నిజానికి గుండెకు పనికొచ్చే సమాచారం సంచి వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్ని సంచుల మీద అసలే ఉండదు. దాన్ని ఎలా చదవాలో, ఇంటి తిండి పెట్టేవాళ్లు దేన్ని కనిపెట్టుకుని ఉండాలో మీ పాఠకులకు చెప్పడానికే ఈ లేఖ.

చిన్న జాతుల్లో వయసు మీద పడ్డాక గుండె కవాటం చెడటం ఎక్కువ. పెద్ద జాతుల్లో ఎక్కువగా భయపెట్టేది డైలేటెడ్ కార్డియోమయోపతి. గుండె కండరం పలచబడి, గదులు సాగి, రక్తాన్ని నెట్టే బలం తగ్గిపోతుంది. చాలా కాలం పైకి ఏమీ కనిపించదు. ఆ తర్వాత ఒక్కసారిగా ఆయాసం, దగ్గు, స్పృహ తప్పడం, కొన్నిసార్లు హఠాత్తుగా మరణం. డోబర్‌మన్, గ్రేట్ డేన్, ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ జాతుల్లో ఇది చాలావరకు వంశపారంపర్యం. ఇక్కడ ఒక మాట ఖరాఖండిగా చెప్పాలి. వంశపారంపర్యంగా వచ్చే ఈ జబ్బును ఏ సంచిలోని తిండీ ఆపలేదు. డోబర్‌మన్ ఉన్నవాళ్లు దానికి మూడేళ్లు నిండినప్పటి నుంచి ఏటా గుండె ఎకో (గుండె స్కానింగ్), 24 గంటల పాటు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష చేయించాలి. ఖరీదైన తిండి కొనే డబ్బులో కొంత ఈ పరీక్షలకు పెడితే కుక్కకు ఎక్కువ మేలు.

అయితే తిండి వల్ల వచ్చే కార్డియోమయోపతి కూడా ఉంది. దాన్ని సమయానికి గుర్తిస్తే చాలా కుక్కలు కోలుకుంటాయి. అందుకే తిండి ఎంపిక గురించి ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

గుండె కండరానికి టారిన్ అనే అమైనో ఆమ్లం కావాలి. పిల్లి దాన్ని తగినంతగా తయారు చేసుకోలేదు. టారిన్ చాలకపోతే పిల్లి గుండె సాగిపోతుందని 1987లోనే తేలింది, ఆ తర్వాత పిల్లుల ఆహారంలో టారిన్ పెంచారు. కుక్క మాత్రం మాంసకృత్తుల్లోని మెథియోనిన్, సిస్టీన్‌ల నుంచి టారిన్‌ను తన కాలేయంలో తయారు చేసుకోగలదు. కాబట్టి కుక్క తిండిలో టారిన్ విడిగా కలపడం తప్పనిసరి కాదనుకున్నారు. కానీ పెద్ద జాతుల శరీరంలో టారిన్ తయారయ్యే వేగం బరువుతో పోల్చి చూస్తే చిన్న జాతుల కంటే తక్కువ. పైగా తిండిలో మెథియోనిన్ తక్కువగా ఉన్నా, కొన్ని రకాల పీచు ఎక్కువగా ఉండి పైత్యరసంతోపాటు టారిన్‌ను మలంలోకి లాక్కుపోయినా కొరత వస్తుంది. న్యూఫౌండ్‌లాండ్ జాతి కుక్కల్లో, గొర్రె మాంసం, బియ్యం ప్రధానంగా ఉన్న ఆహారం తిన్న కుక్కల్లో ఇలాంటి కొరతను 2003లోనే పశువైద్య పరిశోధకులు చూపించారు. గోల్డెన్ రిట్రీవర్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

2018 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ విషయం మీద హెచ్చరిక ఇచ్చింది. 2014 జనవరి నుంచి 2019 ఏప్రిల్ వరకు ఆ సంస్థకు 524 ఫిర్యాదులు అందాయి, వాటిలో 515 కుక్కలకు సంబంధించినవి. జాతుల వారీగా చూస్తే అన్నిటికంటే ఎక్కువ గోల్డెన్ రిట్రీవర్లవే. ఆ కుక్కలు తిన్న ఆహారాల్లో 90 శాతానికి పైగా ధాన్యం లేని, అంటే గ్రెయిన్ ఫ్రీ రకాలు. 93 శాతంలో బఠాణీలో, మసూర్ లాంటి పప్పులో, రెండూనో ఉన్నాయి. తిండే కారణమని రుజువైందని ఎఫ్‌డీఏ ఎక్కడా అనలేదు. ఫిర్యాదుల లెక్క ఒక్కటే కారణాన్ని నిరూపించదు కూడా. కానీ తిండి మార్చాక గుండె మెరుగుపడిన కుక్కలు ఉన్నాయన్నది నిజం. వాటిలో చాలా కుక్కల రక్తంలో టారిన్ మామూలుగానే ఉండటం ఇందులో ముఖ్యమైన విషయం. అంటే గ్రెయిన్ ఫ్రీ తిండి పెడుతూ పైన కొంచెం టారిన్ పొడి చల్లితే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

‘ధాన్యం కుక్కకు పడదు’ అనే ప్రచారానికి ఆధారం లేదు. ఉడికిన బియ్యం, ఓట్స్, జొన్నలు, మొక్కజొన్న కుక్కకు బాగానే అరుగుతాయి. తిండి పడక దురద పెట్టే కుక్కల్లోనూ ఎక్కువసార్లు కారణం మాంసకృత్తులే, ధాన్యం కాదు. ధాన్యం తీసేసిన కంపెనీ ఆ ఖాళీని బఠాణీ, శనగ, మసూర్, బంగాళాదుంపలతో నింపుతుంది. సంచి వెనక పదార్థాల పట్టికలో బరువు ఎక్కువ ఉన్నది ముందు రాయాలి. అందుకే బఠాణీని మూడు ముక్కలు చేసి బఠాణీ ప్రొటీన్, బఠాణీ పిండి, బఠాణీ పీచు అని వేరువేరుగా రాస్తారు, అప్పుడు చికెన్ మొదటి స్థానంలో కనిపిస్తుంది. మూడూ కలిపి చూస్తే ఆ సంచిలో ఎక్కువ ఉన్నది బఠాణీయే కావచ్చు. మొదటి పది పదార్థాల్లో పప్పుధాన్యాల పేర్లు రెండు, మూడు సార్లు కనిపిస్తే పెద్ద జాతి కుక్కకు ఆ సంచి కొనొద్దు. ఇంట్లో అన్నంలో అప్పుడప్పుడు కలిసే రెండు చెంచాల చప్పిడి ముద్దపప్పు గురించి కంగారు పడనక్కర్లేదు. ఇక్కడ చెబుతున్నది రోజూ, ప్రతి పూటా పప్పే ప్రధానమైన తిండి గురించి.

ఇక అంకెలు. ఏ ఆహారానికైనా ముందు తెలుసుకోవాల్సింది 100 గ్రాములకు ఎన్ని కిలో కేలరీలు అన్నది. సంచి మీద లేకపోతే మనమే కట్టుకోవచ్చు. ఉదాహరణకు ప్రొటీన్ 24 శాతం, కొవ్వు 12, పీచు 4, బూడిద (అంటే ఖనిజాలు) 8, తేమ 10 అని రాసి ఉందనుకుందాం. వీటిని కలిపితే 58, మిగిలిన 42 పిండిపదార్థం. ప్రొటీన్‌ను 3.5తో, కొవ్వును 8.5తో, పిండిపదార్థాన్ని 3.5తో గుణించాలి. 84, 102, 147 వస్తాయి, మొత్తం 333. అంటే 100 గ్రాములకు సుమారు 333 కిలో కేలరీలు. బూడిద శాతం రాయకపోతే డ్రై ఫుడ్‌కు 8 అనుకోవచ్చు.

రెండో అంకె సోడియం. అదే సంచి మీద సోడియం 0.25 శాతం అని ఉంటే 100 గ్రాముల్లో 250 మిల్లీగ్రాములు. దాన్ని 333తో భాగించి 100తో గుణిస్తే ప్రతి 100 కిలో కేలరీలకు 75 మిల్లీగ్రాములు. శాతాన్ని చూసి ఒక సంచిని ఇంకో సంచితో పోల్చడం తప్పు. డబ్బా తిండిలో నీళ్లు ఎక్కువ కాబట్టి శాతం చిన్నగా కనిపిస్తుంది, కేలరీలతో లెక్క కడితే ఉప్పు ఎక్కువగా తేలవచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఎదిగిన కుక్కకు 100 కిలో కేలరీలకు కనీసం 20 మిల్లీగ్రాముల సోడియం ఉండాలి. మామూలు ఆహారాల్లో అంతకు చాలా ఎక్కువే ఉంటుంది, దాని వల్ల ఆరోగ్యమైన గుండెకు హాని జరుగుతుందని తేలలేదు. గుండెలో శబ్దమో, గుండె పెద్దదవడమో కనిపించి ఇంకా లక్షణాలు లేని కుక్కకు 100 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తే చాలు. గుండె వైఫల్యం మొదలై మందులు వాడుతున్న కుక్కకు 50 నుంచి 80 మధ్య, జబ్బు బాగా ముదిరితే 50 కంటే తక్కువ.

తొందరపడి మొదటి దశలోనే ఉప్పు పూర్తిగా తీసేయడం కూడా తప్పే. ఉప్పు మరీ తగ్గితే శరీరం దాన్ని పట్టి ఉంచుకోవడానికి కొన్ని హార్మోన్లను విడుదల చేస్తుంది, అవే గుండె మీద భారం పెంచుతాయి. ఇంకో పొరపాటు, కిడ్నీ జబ్బు కోసం తయారైన తిండిని ‘ఉప్పు తక్కువ కదా’ అని గుండె జబ్బున్న కుక్కకు పెట్టడం. అందులో ప్రొటీన్ కావాలని తగ్గించి ఉంటారు. కిడ్నీ బాగున్న గుండె కుక్కకు ప్రొటీన్ తగ్గిస్తే కండ కరిగిపోతుంది.

మూడో అంకె రోజుకు ఎన్ని గ్రాములు అన్నది. ఫోన్‌లోని కాలిక్యులేటర్ చాలు. కిలోల్లో కుక్క బరువును దానితోనే గుణించి, మళ్లీ అదే బరువుతో గుణించి (30 కిలోలైతే 30 × 30 × 30), వర్గమూలం మీట రెండుసార్లు నొక్కి, వచ్చినదాన్ని 70తో గుణించాలి. 30 కిలోల కుక్కకు దాదాపు 897 వస్తుంది. ఊరికే పడుకుని ఉన్నా శరీరానికి కావాల్సిన శక్తి ఇది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే కుక్కకు దీన్ని 1.6తో గుణిస్తే దాదాపు 1,435 కిలో కేలరీలు. పైన చెప్పిన సంచి నుంచైతే రోజుకు 430 గ్రాములు. ఎక్కువసేపు ఫ్లాట్‌లోనే ఉండే లాబ్రడార్‌కు 1.4 చాలు, అంటే దాదాపు 375 గ్రాములు. కప్పుతో కొలిస్తే ప్రతిసారీ తేడా వస్తుంది, వంటింటి తూకం వాడాలి. ఇది మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే. రెండు వారాలకోసారి బరువు చూసి సరిచేసుకోవాలి. పక్కటెముకలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించకుండా, చేత్తో తడిమితే తేలిగ్గా తెలియాలి. పై నుంచి చూస్తే నడుము సన్నబడాలి. బిస్కెట్లు, నమిలే స్టిక్కులు, మన చేతి ముద్దలు అన్నీ కలిపి రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు. ఆరోగ్యంగా ఉన్న లాబ్రడార్ గుండెకు యజమాని చేయగలిగిన పెద్ద మేలు దాని బరువు అదుపులో ఉంచడమే. ఏ ప్రత్యేక పదార్థమూ దీనికి సాటి రాదు. గుండె వైఫల్యం వచ్చిన కుక్క విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. అప్పుడు బరువు తగ్గడమే ప్రమాదం, కొంచెం ఒళ్లు చేసి ఉన్నా పస్తు పెట్టకూడదు.

ఇంటి తిండి దగ్గరికొద్దాం. మన ఇళ్లలో చాలా కుక్కలు పెరుగన్నం మీదే బతుకుతున్నాయి. అన్నంలో టారిన్ ఉండదు, పాలు పెరుగుల్లో ఉన్నది చాలా తక్కువ. 35 కిలోల కుక్క ఏళ్ల తరబడి పెరుగన్నం, రొట్టె, కాసిన్ని పాలతో గడిపితే మెథియోనిన్ కూడా చాలదు. శాకాహారుల ఇళ్లలో కనీసం ఉడికించిన గుడ్లు పెట్టగలిగితే కొంత నయం, లేదంటే సంపూర్ణ ఆహారమని ధ్రువీకరించిన డ్రై ఫుడ్ ప్రధానంగా పెట్టి పెరుగన్నాన్ని అడపాదడపా ఇవ్వడం మేలు. కోడి మాంసం వండేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, టారిన్ నీళ్లలో కరుగుతుంది. ముక్కలు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే సగం మేలు సింక్‌లోకి పోయినట్టే. తక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లతోనే అన్నం కలపాలి. రొమ్ము మాంసం కంటే కాలు, తొడ మాంసంలో టారిన్ చాలా రెట్లు ఎక్కువ, కోడి గుండెకాయల్లోనూ బాగా ఉంటుంది. చర్మం, కొవ్వు తీసేయాలి. ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు, అవి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. చికెన్, అన్నం మాత్రమే పెడితే కాల్షియం, జింక్, కొన్ని విటమిన్లు చాలవు కాబట్టి పూర్తిగా ఇంటి తిండి మీదే పెంచాలనుకునేవాళ్లు కొలతలు రాయించుకోవాలి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో జంతు పోషణ విభాగాలున్నాయి.

గుండె జబ్బు ఉన్న కుక్కకు సంచి తిండి చక్కగా ఎంచుకుని, పక్కనుంచి ఉప్పు పెట్టేయడం మన ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు. అప్పడం ముక్క, ఎండు చేప, బ్రెడ్, ఉప్పు బిస్కెట్, బిర్యానీ ఎముక, ఉప్పు వేసిన మజ్జిగ. మాత్ర మింగించడానికి చీజ్ ముక్కలో చుట్టడం ఇంకోటి. ఒక గ్రాము ఉప్పులో దాదాపు 400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. గుండె వైఫల్యం ఉన్న 30 కిలోల కుక్కకు రోజు మొత్తానికి 700 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూగా సరిపెట్టాలనుకుంటే, ఒక గ్రాము ఉప్పుతోనే సగానికి పైగా అయిపోతుంది. ఎండాకాలంలో ఓఆర్ఎస్ పట్టేవాళ్లూ ఉన్నారు. లీటరు ఓఆర్ఎస్‌లో 1,700 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది, గుండె కుక్కకు డాక్టర్ చెప్పకుండా అది ఇవ్వకూడదు. మాత్రను ఉప్పు లేని ఉడికించిన చికెన్ ముక్కలోనో, ఉప్పు వేయని చపాతీ ముక్కలోనో పెట్టండి. గుండెకు బలాన్నిచ్చే పిమోబెండాన్ మాత్రను మాత్రం తిండికి గంట ముందు, ఖాళీ కడుపున వేయాలి, తిండితో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు. మూత్రం ఎక్కువగా పోయించే ఫ్యూరోసెమైడ్ మందు వాడే కుక్క ఎక్కువ నీళ్లు తాగుతుంది, మూత్రం పోస్తోందని నీళ్ల గిన్నె తీసేయకండి.

‘లో సోడియం’ ఉప్పు కూడా ప్రమాదమే. అందులో కొంత సోడియం క్లోరైడ్ బదులు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. ఎనలాప్రిల్, బెనాజెప్రిల్, స్పైరనోలాక్టోన్ అనే గుండె మందులు వాడే కుక్కల రక్తంలో పొటాషియం పెరిగే వీలుంది, మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి నీళ్లలోనూ పొటాషియం ఎక్కువ కాబట్టి ఆ మందుల మీదున్న కుక్కకు గిన్నెల కొద్దీ పట్టవద్దు.

చేప నూనె గురించి అడిగేవాళ్లు ఎక్కువ. గుండె వైఫల్యంలో కండ కరగడాన్ని తగ్గించడానికి, ఆకలి నిలపడానికి దాని ఉపయోగం ఉంది. అందులోని ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ, డీహెచ్‌ఏ. కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల ఈపీఏ, 25 మిల్లీగ్రాముల డీహెచ్‌ఏ లెక్క. 30 కిలోల కుక్కకు 1,200, 750 మిల్లీగ్రాములు అవుతాయి. మందుల దుకాణాల్లో దొరికే మామూలు ఒక గ్రాము క్యాప్సూల్‌లో 180 ఈపీఏ, 120 డీహెచ్‌ఏ ఉంటే ఆరేడు క్యాప్సూల్స్ కావాలి. ఒకేసారి మొదలుపెడితే విరేచనాలు అవుతాయి, ఒకటితో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచాలి. సీసా మీద ‘చేప నూనె 1,000 మిల్లీగ్రాములు’ అన్నదాన్ని చూసి మోసపోవద్దు, ఈపీఏ, డీహెచ్‌ఏ విడివిడిగా ఎంతో చూడాలి. కాడ్ లివర్ ఆయిల్ వద్దు. ఈ మోతాదుకు అది తాగిస్తే ఎ, డి విటమిన్లు హద్దు దాటుతాయి. అవిసె గింజలు మనుషులకు మంచివే కానీ, వాటిలోని ఒమేగా కొవ్వును ఈపీఏగా మార్చుకునే శక్తి కుక్కకు చాలా తక్కువ. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఇంత మోతాదు అవసరం లేదు.

ఇప్పటికే పప్పులు ఎక్కువున్న గ్రెయిన్ ఫ్రీ తిండి ఏడాదో, రెండేళ్లో పెట్టినవాళ్లు కంగారుపడి ఆ రోజే టారిన్ మొదలుపెట్టకండి. ముందు గుండె ఎకో చేయించి, టారిన్ పరీక్షకు రక్తం తీయించాలి. మందు పడ్డాక రక్తం తీస్తే అసలు కొరత ఉందో లేదో తెలియదు. ఆ తర్వాత ధాన్యం ఉన్న, పప్పులు లేని తిండికి మారాలి. కొత్తది పావు వంతుతో మొదలుపెట్టి ఏడు నుంచి పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. గుండెలో లోపం కనిపించి డాక్టర్ టారిన్ రాస్తే 25 కిలోలు దాటిన కుక్కకు సాధారణంగా 1,000 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు. మూడు నుంచి ఆరు నెలల తర్వాత మళ్లీ ఎకో చేయించాలి. గుండె మెరుగుపడటానికి నెలలు పడుతుంది, కొన్నిటికి ఏడాది కూడా. మధ్యలో ఆశ వదులుకుని మందులు ఆపేయకూడదు.

పెద్ద జాతి కుక్కపిల్లలకు తిండి కొనేటప్పుడు 32 కిలోలు దాటి పెరిగే జాతుల ఎదుగుదలకు సరిపోతుందని సంచి మీద రాసి ఉందో లేదో చూడాలి. దానిపైన కాల్షియం పొడి కలపకండి, ఎముకలు వంకర పోతాయి.

సంచి తిండి ఎంచుకునేటప్పుడు కంపెనీకి ఫోన్ చేసి అడగదగ్గ ప్రశ్నలు కొన్నున్నాయి. తిండిని రూపొందించింది జంతు పోషణలో పెద్ద చదువు చదివిన నిపుణులేనా, వారు కంపెనీలో పూర్తి కాలం పనిచేస్తారా? సొంత ఫ్యాక్టరీలో తయారు చేస్తారా? కుక్కలకు తినిపించి చూసిన పరీక్షలున్నాయా? 100 కిలో కేలరీలకు సోడియం, టారిన్, మెథియోనిన్ ఎంత? ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం డబ్ల్యూఎస్‌ఏవీఏ కూడా యజమానులు ఇలా అడిగి తెలుసుకోవాలనే చెబుతోంది. సమాధానం చెప్పలేని కంపెనీ సంచి మీద హృదయం బొమ్మ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

పెద్ద సంచి కోసి కిలో, రెండు కిలోల లెక్కన లూజుగా అమ్మే తిండి కొనకండి. గాలి, తేమ తగిలి కొవ్వు చెడి పాచివాసన వస్తుంది, వానాకాలంలో బూజు విషాలు చేరతాయి. పైగా ఏ సంచిలోదో, ఏ తేదీదో, సోడియం ఎంతో తెలుసుకునే దారి ఉండదు. సొంతంగా తెరిచిన సంచిని కూడా మూతి బిగించి, అదే సంచితో డబ్బాలో పెట్టి ఆరు వారాల్లోపు వాడేయాలి.

మీ పత్రిక ద్వారా కంపెనీలకు, దుకాణదారులకు రెండు విన్నపాలు. ప్రతి సంచి మీద 100 గ్రాములకు కిలో కేలరీలు, 100 కిలో కేలరీలకు సోడియం మిల్లీగ్రాములు తెలుగులో కూడా అచ్చు వేయండి. లూజుగా అమ్మక తప్పదనుకునే దుకాణాలు కనీసం సంచి వెనక పట్టికను, తయారీ తేదీని ఫోటో తీసి కొనేవాళ్లకు ఇవ్వండి. పెంపుడు జంతువుల గురించి మీ పత్రిక వేసే కథనాల్లో ఒక సూచన కూడా చేర్చమని కోరుతున్నాను. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఒక నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో ఇంట్లోనే లెక్కపెట్టవచ్చు. గుండె జబ్బున్న కుక్కలో అది వరుసగా 30 దాటుతుంటే తెల్లవారే దాకా ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

ఇట్లు,
ఒక పశువైద్యురాలు,
హైదరాబాద్